పెట్టె మీద లేని పేరు



ఆదివారం మధ్యాహ్నం మన హాస్టల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. బట్టలు ఉతికి ఆరేసి, తలలు దువ్వుకుని, వరండాలో బిజినెస్ ఆట పరుస్తాం. బోర్డు మడత దగ్గర చిరిగిపోయింది. నోట్లు సగం పోతే రఫ్ నోటుబుక్కు కాగితాలు కత్తిరించి పెట్టుకున్నాం. పాచిక ఎప్పుడో పోయింది, చింతపిక్కలు అరగదీసి వేస్తున్నాం. అయినా సరే బొంబాయి నాకంటే నాకని కొట్లాడుకుంటాం. చివరికి ఒక్కరి దగ్గరే డబ్బంతా చేరుతుంది. మిగతా అందరం అద్దెలు కట్టీ కట్టీ ఖాళీ చేతులతో లేస్తాం.

ఒకరోజు నాకు సందేహం వచ్చింది. ఈ ఆటని మొదట ఎవరు కనిపెట్టి ఉంటారు? పెట్టె తిరగేసి చూశాను. తయారుచేసిన వారి ముద్ర ఉంది, ధర ఉంది. కనిపెట్టిన వారి పేరు లేదు. సోషల్ మేడమ్‌ని అడిగితే, మన బిజినెస్ ఆట అమెరికాలోని మొనాపలీ అనే ఆటని చూసి చేసిందని, ఆ మొనాపలీ కథ చాలా పెద్దదని చెప్పారు. ఒక పాత పేటెంటు బొమ్మ ప్రింటు తీసి ఇచ్చారు. దాని మీద తేదీ 1904 జనవరి 5. పేరు ఒక ఆడమనిషిది. ఆమె పేరు లిజీ మాగీ. మనం తినే మ్యాగీ కాదు, నవ్వకండి.

ఆమె జీవితమే ఈసారి మన గోడపత్రికలో రాస్తున్నాను. దీన్ని నేనే ఎందుకు రాయాలనుకున్నానో చివర్లో చెప్తాను. మధ్యలో వదిలేసి వెళ్ళిపోకుండా అంతా చదవండి.

లిజీ అసలు పేరు ఎలిజబెత్ మాగీ. 1866లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, మకోంబ్ అనే ఊళ్ళో పుట్టింది. వాళ్ళ నాన్న జేమ్స్ మాగీ పత్రిక నడిపేవాడు. నల్లవాళ్ళని బానిసలుగా కొని అమ్మడం తప్పని గట్టిగా చెప్పిన మనిషి. 1858లో లింకన్, డగ్లస్ అనే ఇద్దరు నాయకులు ఊరూరా సభల్లో వాదించుకున్నప్పుడు ఆయన లింకన్ వెంట తిరిగాడు. అలాంటి ఇంట్లో పెరిగింది కాబట్టి లిజీకి అన్యాయం కనిపిస్తే ఊరుకోవడం చేతకాలేదు.

పెద్దయ్యాక షార్ట్‌హ్యాండు నేర్చుకుని ఉద్యోగంలో చేరింది. వాషింగ్టన్ నగరంలో చిరునామా సరిగ్గా లేని ఉత్తరాలన్నీ చేరే ఒక తపాలా ఆఫీసు ఉండేది. అక్కడ పనిచేసింది. మన ఇళ్ళ నుంచి వచ్చే ఉత్తరాల మీద మండలం పేరు రాయకపోతే ఏమైపోతాయో అని మనం అనుకుంటాం కదా, అలాంటి ఉత్తరాలన్నమాట. పగలు ఆఫీసు, సాయంత్రం కవితలు, కథలు రాయడం, స్టేజీ మీద హాస్య పాత్రలు వెయ్యడం. తన జీతంలోంచి కూడబెట్టి తనే ఇల్లు కూడా కొనుక్కుంది. ఆ రోజుల్లో పెళ్ళికాని ఆడపిల్ల ఇలా ఒంటరిగా బతకడం అక్కడ కూడా వింతే.

ఆమె మొదట కనిపెట్టింది ఆట కాదు. టైపు మిషనులో కాగితం రోలర్ల మధ్యనుంచి తేలిగ్గా వెళ్ళేటట్టు ఒక పరికరం చేసి 1893లో పేటెంటు తీసుకుంది. పేటెంటు అంటే, ఈ వస్తువుని నేను కనిపెట్టాను, ఇన్నేళ్ళపాటు నా అనుమతి లేకుండా ఎవరూ చేసి అమ్మకూడదని ప్రభుత్వం ఇచ్చే కాగితం. అప్పట్లో పేటెంటు తీసుకునే ఆడవాళ్ళు బహు తక్కువ.

ఇక ఆట సంగతికి వద్దాం. వాళ్ళ నాన్న ఆమెకి ఒక పుస్తకం ఇచ్చాడు. అది హెన్రీ జార్జ్ అనే ఆయన 1879లో రాసిన ప్రోగ్రెస్ అండ్ పావర్టీ. అందులోని ముఖ్యమైన సంగతి నాకు అర్థమైనంతలో చెప్తాను. భూమిని ఏ మనిషీ తయారు చెయ్యలేదు. ఒక చోట జనం చేరి, రోడ్డు వేసి, బడి కట్టి, సంత పెడితే అక్కడి భూమి ధర పెరుగుతుంది. ధర పెంచింది అందరి కష్టం. డబ్బు మాత్రం కాగితం చేతిలో ఉన్న ఒక్కడికే పోతుంది, వాడు చెయ్యి కదపకపోయినా సరే. కాబట్టి కూలి మీద, పంట మీద పన్నులు తీసేసి భూమి విలువ మీద ఒక్కటే పన్ను వేసి, దాన్ని అందరికీ ఖర్చు పెట్టాలని జార్జ్ వాదం.

ఇది చదివినప్పుడు నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. చోళ్ళ విత్తనాల కోసం అప్పు చేసి, కాగితం మీద వేలిముద్ర వేసి, కొండ కింది చెక్క పోగొట్టుకున్నాడట. తర్వాత అదే చెక్కలో కూలికి వెళ్ళాడు. ఇప్పుడు ఆ పక్కనుంచి తారు రోడ్డు పడింది. మన పెద్దవాళ్ళు 1/70 అని ఒక చట్టం గురించి మాట్లాడుకోవడం మీరూ వినే ఉంటారు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి, ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకూడదన్నారు. చట్టం ఉన్నా, మా తాతయ్యకి చదువు లేదు. లిజీ మాగీ భయపడింది కూడా ఇలాంటి మనుషుల గురించే.

ఆమె సభల్లో మాట్లాడి చూసింది. వచ్చేవాళ్ళు తక్కువ. వచ్చినవాళ్ళు కూడా ముందే ఒప్పుకున్నవాళ్ళు. మాటలతో చెప్తే విననివాళ్ళు ఆట ఆడితే తెలుసుకుంటారని ఆమెకి తోచింది. రాత్రిళ్ళు కూచుని బోర్డు గీసింది. 1903లో పేటెంటుకి అర్జీ పెట్టింది, మరుసటి ఏడు వచ్చింది. పేరు ల్యాండ్‌లార్డ్స్ గేమ్, అంటే భూస్వామి ఆట.

మేడమ్ ఇచ్చిన బొమ్మ చూసి నేను ఆశ్చర్యపోయాను. చతురస్రం బోర్డు, చుట్టూ గళ్ళు. కొనుక్కునే స్థలాలు, వాటికి అద్దెలు, రైలు స్టేషన్లు, జైలు. అచ్చం మనం ఆడేదే! మనం ఒక చుట్టు పూర్తయితే బ్యాంకు నుంచి డబ్బు తీసుకుంటాం కదా. ఆమె బోర్డులో ఆ మూల గడిలో భూమ్మీద చేసిన కష్టానికి కూలి అన్న అర్థం వచ్చేటట్టు రాసి ఉంది. ఇంకో మూల అందరికీ చెందిన పార్కు. డబ్బైపోయినవాళ్ళు వెళ్ళే బీదల ఇల్లు. ఒక దొరగారి తోట ఉంటుంది. అందులో అడుగుపెడితే నేరుగా జైలుకే. రొట్టె, బొగ్గు, బట్ట, నీడ లాంటి తప్పనిసరి అవసరాల గళ్ళలో పడితే డబ్బు కట్టాలి.

తర్వాత ఆమె ఇదే బోర్డుకి రెండో రకం నియమాలు కూడా చేర్చింది. మొదటి రకంలో ఒక్కడు అందరినీ దివాళా తీయించి గెలుస్తాడు. రెండో రకంలో స్థలం అద్దె అందరి ఖజానాకి పోతుంది. అందరికంటే తక్కువ డబ్బుతో మొదలుపెట్టినవాడి డబ్బు రెట్టింపు అయితే ఆట ముగుస్తుంది, అందరూ గెలిచినట్టే. రెండూ ఆడి చూసి ఏది బాగుందో పిల్లలే తేల్చుకోవాలని ఆమె ఉద్దేశం.

ఆట కట్టడం ఒక ఎత్తు, దాన్ని జనంలోకి తేవడం ఇంకో ఎత్తు. 1906లో తనలాంటి ఆలోచన ఉన్న మిత్రులతో కలిసి ఎకనామిక్ గేమ్ కంపెనీ పేరుతో ఆటని అచ్చు వేయించింది. ఆ ఏడే చికాగో వెళ్ళింది. అక్కడ వారానికి 10 డాలర్ల జీతంతో ఒక మనిషి బతకడమే కష్టమైంది. అప్పుడు ఆమె ఒక తమాషా పని చేసింది. ఒక అమెరికన్ యువతి బానిసగా అమ్మకానికి ఉంది, ఎక్కువ ధర పాడినవారికే అని పత్రికలో తన గురించి తనే ప్రకటన వేసింది. దేశమంతా పత్రికలు దాని గురించి రాశాయి. నిజంగా అమ్ముడుపోవడానికి కాదు. పనిచేసే ఆడదాని బతుకు ఎలా ఉందో చూడమని అలా చేసింది. వాళ్ళ నాన్న బానిసత్వం మీద పోరాడాడు కదా, కూతురికి ఆ మాట ఎక్కడ వాడాలో తెలుసు.

1910లో, 44 ఏళ్ళ వయసులో, ఆల్బర్ట్ ఫిలిప్స్‌ని పెళ్ళి చేసుకుంది. అందుకే తర్వాతి కాగితాల్లో ఎలిజబెత్ మాగీ ఫిలిప్స్ అని ఉంటుంది.

అప్పట్లో ఆటల వ్యాపారంలో పేరున్న కంపెనీ పార్కర్ బ్రదర్స్. 1883లో సేలం అనే ఊళ్ళో జార్జ్ పార్కర్ అనే 16 ఏళ్ళ కుర్రాడు మొదలుపెట్టాడు. మన పదో తరగతి అక్కల వయసన్నమాట! ఆ కంపెనీ 1910లో లిజీ చేసిన మాక్ ట్రయల్ అనే పేకల ఆటని అచ్చు వేసింది. భూస్వామి ఆటని మాత్రం తీసుకోలేదు. 1913లో ఆ ఆట నక్క, కుందేలు పేర్లతో బ్రిటన్‌లో కూడా వచ్చింది కానీ పెద్దగా అమ్ముడుపోలేదు.

కానీ ఆట ఆగలేదు. డెలవేర్ రాష్ట్రంలో హెన్రీ జార్జ్ అభిమానులు కట్టుకున్న ఆర్డెన్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఇంటింటా ఆడారు. కాలేజీల్లో అయ్యవార్లు విద్యార్థులకి నేర్పారు. కొట్లో కొనేవాళ్ళు తక్కువ. గుడ్డ మీద, అట్ట మీద చేత్తో గీసుకుని తమ ఊరి వీధుల పేర్లు పెట్టుకునేవాళ్ళే ఎక్కువ. మనం వరండాలో సుద్దముక్కతో గీసుకోవడం లేదూ, అలాగే. చేతులు మారేకొద్దీ మొనాపలీ ఆట అనే పిలుపు స్థిరపడింది. లిజీ పేరు జారిపోయింది. అందరూ గెలిచే రెండో రకం నియమాలు కూడా జారిపోయాయి.

మొదటి పేటెంటు గడువు 17 ఏళ్ళు, 1921కి అయిపోయింది. లిజీ పట్టు వదలకుండా బోర్డుని మార్చి 1924లో మళ్ళీ పేటెంటు తీసుకుంది.

అట్లాంటిక్ సిటీ అనే ఊళ్ళో క్వేకర్లనే మతస్తులు ఆ ఊరి వీధుల పేర్లతో బోర్డు గీసుకున్నారు. అది చార్లెస్ టాడ్ అనే ఆయన చేతికొచ్చింది. ఆయన 1932 ప్రాంతంలో చార్లెస్ డారో అనే ఆయనకి నేర్పాడు. అప్పుడు అమెరికాలో గొప్ప ఆర్థికమాంద్యం. డారోకి ఉద్యోగం లేదు, ఇంట్లో గడవడం కష్టం. ఆటతో పాటు నియమాలు కూడా టాడ్ చేత రాయించుకున్నాడు. టాడ్ తన బోర్డు మీద ఒక పేట పేరు తప్పు రాశాడు. మార్వెన్ అని ఉండాల్సింది మార్విన్ అని రాశాడు. డారో బోర్డులో కూడా అదే తప్పు! పరీక్షలో పక్కవాళ్ళ తప్పు కూడా దించేసి దొరికిపోతాం చూడండి, అలా.

డారో ఏమీ చెయ్యలేదని అనను. రంగులు, బొమ్మలు చక్కగా పెట్టించి, అచ్చు వేయించి, ఫిలడెల్ఫియాలో పెద్ద షాపుకి తనే తీసుకెళ్ళి అమ్మించాడు. మొదట వద్దన్న పార్కర్ బ్రదర్స్ వాళ్ళే 1935లో ఆయన దగ్గర ఆట కొన్నారు. అమ్ముడుపోయే ప్రతి పెట్టె మీద ఆయనకి కొంత డబ్బు వచ్చేటట్టు ఒప్పందం. దీన్నే రాయల్టీ అంటారు. ఆయన లక్షాధికారి అయ్యాడు. పనిలేని పేదవాడు ఒంటరిగా కూచుని కనిపెట్టిన ఆట అని కథ ప్రచారమైంది. ఆ కథలో టాడ్ లేడు, క్వేకర్లు లేరు, లిజీ అసలే లేదు.

కంపెనీ వాళ్ళకి మాత్రం లిజీ పేటెంటు ఉన్నట్టు తెలుసు. ఎవరూ అడ్డురాకుండా దాన్ని కొనెయ్యాలనుకున్నారు. జార్జ్ పార్కరే ఆమె ఇంటికి వెళ్ళాడు. 1935 నవంబరులో 500 డాలర్లకి బేరం కుదిరింది. ఒక్కసారే 500 డాలర్లు, రాయల్టీ లేదు. ఆమె ఆటలు ఇంకో రెండు కూడా అచ్చు వేస్తామన్నారు. అప్పటికి ఆమెకి 69 ఏళ్ళు. పెద్ద కంపెనీ వేస్తే తన ఆలోచన దేశమంతా తెలుస్తుందని సంతోషించి సంతకం పెట్టింది. డబ్బుకోసం కాదు. ఇక్కడే నాకు బాధేసింది.

తర్వాత సంగతి తెలిసి ఆమె ఊరుకోలేదు. 1936 జనవరిలో వాషింగ్టన్ పత్రికల వాళ్ళకి తన పాత బోర్డులు చూపించి, ఈ ఆట నాదని చెప్పింది. చేతిలో బోర్డుతో ఉన్న ఫోటో అచ్చయింది. రెండు రోజులు చదివి జనం మర్చిపోయారు. 1939లో కంపెనీ భూస్వామి ఆటని అచ్చయితే వేసింది కానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1940 జనాభా లెక్కలకి వచ్చినవాళ్ళకి తన వృత్తి ఆటలు తయారుచెయ్యడమని రాయించుకుంది. 1948లో చనిపోయింది. పిల్లలు లేరు. చావు వార్తలో గానీ సమాధి రాతి మీద గానీ ఆమె ఆట ప్రస్తావన లేదు.

మరి మనకెలా తెలిసింది? రాల్ఫ్ అన్‌స్పాక్ అనే అర్థశాస్త్రం ప్రొఫెసరు 1973లో యాంటీ మొనాపలీ అని ఒక ఆట తెచ్చాడు. కంపెనీతో కోర్టులో తగాదా వచ్చింది. తన కేసు కోసం ఆయన పాత కాగితాలన్నీ తవ్వితే లిజీ పేటెంట్లు బయటపడ్డాయి. ముసలివాళ్ళు వచ్చి, డారో కంటే ముందే ఆడామని సాక్ష్యం చెప్పారు. కేసు 1983 దాకా నడిచి ఆయన వైపు తేలింది. ఆమె పోయిన ఇన్నేళ్ళకి ఆమె పేరు మళ్ళీ పైకొచ్చింది, పేటెంటు కాగితం ఉండబట్టి.

మిత్రులారా, ఇందులో నాకు తెలిసింది ఇది. ఆట చేతులు మారడం తప్పు కాదు. అష్టాచెమ్మా, పులిజూదం, వామనగుంటలు ఎవరు కనిపెట్టారో మనకి తెలీదు, అయినా ఆడుకుంటున్నాం. ఒకరి ఆటకి ఇంకొకరు కొత్త గడి చేర్చడం కూడా తప్పు కాదు. మొదటి మనిషి ఎవరో తెలిసీ, ఆ పేరు చెరిపి మన పేరు రాసుకోవడం తప్పు.

ఇప్పుడు చివర్లో చెప్తానన్న మాట. పోయిన బాలల దినోత్సవానికి సంత ఆట అని చార్టు మీద గీసి నేను మొదటి బహుమతి తీసుకున్నాను. మీరందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఆట నాది కాదు. ఆరో తరగతి చెల్లి ఒకర్తి బాత్రూముల పక్క వరండాలో బొగ్గుతో గీసుకుని ఒక్కతే ఆడుకుంటుంటే చూశాను. అడ్డాకుల మోపుతో ఇంటి నుంచి బయల్దేరడం, తూకంలో మోసపోతే మూడు గళ్ళు వెనక్కి రావడం, కాటా ముల్లు మనమే చూసుకుంటే ఐదు గళ్ళు ముందుకెళ్ళడం, అన్నీ తను అనుకున్నవే. నేను రంగులు వేశాను. వాగు పొంగిన గడి, బస్సు రాని గడి, ఈ రెండూ చేర్చాను. అంతే. డారో ఎంత చేశాడో నేనూ అంతే చేశాను.

బహుమతిగా వచ్చిన టిఫిను బాక్సు ఆ చెల్లికి ఇవ్వబోతే మొదట తీసుకోలేదు. బొమ్మ అందంగా గీసింది నేనే కాబట్టి నాదే అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. లిజీ సంతకం పెట్టినప్పుడు కూడా ఇలాగే మంచి మనసుతో పెట్టి ఉంటుంది. ఎలాగో బతిమాలి ఇచ్చాను. వ్యాసం దిద్దేటప్పుడు ఈ పేరా ఉంచాలా అని తెలుగు సార్ అడిగారు. ఉంచమన్నాను. బహుమతుల రిజిస్టరులో పేరు మార్చమని వార్డెన్ మేడమ్ గారిని ఇందుమూలంగా కోరుతున్నాను. కోప్పడితే పడతాను.

ఇంకొక మాట. మన దేశంలో ఆట ఆడే పద్ధతికి పేటెంటు ఇవ్వరని సోషల్ మేడమ్ చెప్పారు. 1970 పేటెంట్ చట్టంలోనే అలా ఉందట. కానీ గీసిన బోర్డు బొమ్మకి, రాసిన నియమాలకి కాపీరైటు ఉంటుంది. ఆట పేరుని ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేసుకోవచ్చు. అందుకని ఎవరైనా ఆట గానీ, పాట గానీ, వస్తువు గానీ కొత్తగా చేస్తే మొదటి కాగితం పారెయ్యకండి. దాని మీద పేరు, తేదీ రాసి దాచండి. ఎవరైనా కొంటామంటే చదవకుండా సంతకం పెట్టకండి. ఒక్కసారి ఇచ్చే డబ్బా, ప్రతి పెట్టె మీద ఇచ్చేదా అని అడగండి. మా తాతయ్య వేలిముద్ర వేశాడు. మనకి చదువొచ్చు.

ఈ వ్యాసం కింద సంత ఆట బొమ్మ అతికించాం. ఈసారి చార్టు నాది కాదు, ఆ చెల్లి బొగ్గు బొమ్మనే కాగితం మీద తనే గీసింది. మూల తన పేరు తన చేత్తోనే రాసుకుంది. దగ్గరికెళ్ళి చదవండి. ఆదివారం దానితోనే ఆడదాం, చింతపిక్కలు నేను తెస్తాను.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి విద్యార్థిని